పొట్టి టమాటా

పొట్టి టమాటా అనేది తక్కువ ఎత్తు పెరిగి, కుండీలలోను, మేడలపైన, ఇరుకు పెరళ్ళలోను పెంచుకొనుటకు అనువుగా ఉండే టమాటా రకాలకు వాడుకలో ఉన్న ఉమ్మడి పేరు. మరుగుజ్జు టమాటా, కుండీ టమాటా అనే పేర్లు కూడా వినబడుతున్నవి. ఇవి వేరే జాతి మొక్కలు కావు. మామూలు టమాటా వలెనే సొలనేసి కుటుంబానికి చెందిన సొలానమ్ లైకోపెర్సికమ్ అనే జాతిలోనివే. ఎత్తు విషయంలో మాత్రమే భేదం. కొన్ని రకాలు జానెడు మించవు, కొన్ని నడుము ఎత్తు వరకు పెరుగుతాయి.

ఒకే పేరుతో చలామణీ అవుతున్నా, పొట్టి టమాటాలలో పరస్పరం సంబంధం లేని రెండు రకాల పొట్టితనం ఉన్నది. ఈ భేదం తెలియక విత్తనం కొన్నవారు తరువాత నిరాశ చెందడం సాధారణం. ఇక విజయవాడ వంటి వేడి ప్రదేశంలో మొక్క ఎత్తు కంటె విత్తే నెలయే ముఖ్యం.

పేరు

టమాటా అనే మాట మెక్సికో దేశపు నహువాటల్ భాషలోని టొమాటల్ అనే పదం నుండి స్పానిషు ద్వారా ప్రపంచ భాషలలోనికి వచ్చినది. కోస్తా జిల్లాలలో పాతతరంవారు దీనిని రామములగ అనేవారు. చిత్తూరు ప్రాంతంలో తక్కాళి అనే తమిళ నామం వాడుకలో ఉన్నది. లిన్నేయస్ 1753లో దీనిని వంకాయ, బంగాళాదుంపలతో పాటు సొలానమ్ ప్రజాతిలో చేర్చాడు. ఫిలిప్ మిల్లర్ 1768లో లైకోపెర్సికాన్ ఎస్కులెంటమ్ అని వేరు చేశాడు. పాత పాఠ్యపుస్తకాలలో కనిపించేది ఈ రెండవ పేరే. జన్యు పరిశోధనల తరువాత మొదటి పేరే సరియైనదని శాస్త్రజ్ఞులు మరల స్వీకరించారు.

పొట్టితనంలో రెండు విధాలు

మామూలు టమాటా స్వభావరీత్యా పాకుడు గుణం గల మొక్క. మొదటి పూగుత్తి వచ్చిన తరువాత ప్రతి మూడు ఆకులకు ఒక పూగుత్తి చొప్పున వేస్తూ, చలికో తెగులుకో లొంగేవరకు కొస సాగుతూనే ఉంటుంది. దీనిని అపరిమిత పెరుగుదల అంటారు. ఇటువంటి మొక్క ఆరేడు అడుగులు దాటడం మామూలే. ఊతకర్రలు, పందిరి లేనిదే నిలువదు.

మొదటి విధం పొట్టి మొక్కలలో ఈ సాగుదల మధ్యలోనే ఆగిపోతుంది. పూగుత్తుల మధ్య ఆకుల సంఖ్య క్రమంగా తగ్గి, చివరకు కొమ్మ కొస పూగుత్తితోనే ముగుస్తుంది. దీనిని పరిమిత పెరుగుదల అంటారు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1914లో తనంతట తాను ఏర్పడిన ఉత్పరివర్తనం వలన ఈ గుణం బయటపడినది. కొస తానే తెగినట్లు ఆగిపోవుట వలన దీనికి మూలమైన జన్యువుకు ‘స్వయం కత్తిరింపు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఈ మొక్క కాండం, ఆకులు, కణుపుల మధ్య దూరం అన్నీ మామూలుగానే ఉంటాయి. పెరుగుదల మాత్రమే ముందుగా ముగుస్తుంది. కాయలు దాదాపు ఒకేసారి పక్వానికి వస్తాయి. యంత్రంతో కోయుటకు, కర్మాగారాలకు పంపుటకు ఈ గుణమే ఉపకరించినది. నేడు పొలాలలో సాగయ్యే టమాటాలో అధిక భాగం ఈ జన్యువు గలదే.

రెండవ విధమే అసలైన మరుగుజ్జుతనం. ఇందులో కణుపుల మధ్య దూరమే తగ్గిపోతుంది. కాండం బొద్దుగా, నిటారుగా ఉంటుంది. ఆకులు ముదురు ఆకుపచ్చగా, దళసరిగా, ముడతలు పడినట్లు ఉంటాయి. మొక్కలలో బ్రాసినోస్టిరాయిడ్లు అనే పెరుగుదల హార్మోన్లు ఉన్నవి. వాటి తయారీలో పనిచేసే ఒక ఎంజైముకు సంబంధించిన జన్యువు లోపించుట ఇందుకు కారణం. 1990వ దశకంలో ఈ జన్యువును వేరుపరచి గుర్తించారు. ఇది అంతర్గత లక్షణం, అనగా తల్లి నుండి, తండ్రి నుండి రెండు ప్రతులు వస్తేనే మొక్క పొట్టిదవుతుంది. ఇటువంటి మొక్క పొట్టిదే అయినా కొస ఆగిపోవలసిన నియమం లేదు. మూడు, నాలుగు అడుగుల లోపల నెమ్మదిగా పెరుగుతూ నెలల తరబడి కొద్దికొద్దిగా కాయలనిస్తుంది.

పెరటి సాగు చేసేవారికి ఈ భేదం కేవలం శాస్త్ర విషయం కాదు. ఏడాది నిలవ పచ్చడి పెట్టదలచినవారికి ఒకేసారి బుట్టెడు కాయలనిచ్చే మొదటి విధం ఉపయోగం. రోజూ చారులోకి రెండు కాయలు కావలసిన ఇంటికి రెండవ విధం అనుకూలం. విత్తనాల పొట్లాలపై ఈ భేదం స్పష్టంగా ముద్రించడం అరుదు. ‘డ్వార్ఫ్’ అనే మాట రెండింటికీ వాడుతున్నారు. నారు దశలోనే దీనిని కనిపెట్టవచ్చు. నాలుగు ఆకులు వచ్చేసరికి ముడతల ఆకు, బొద్దు కాండం కనిపిస్తే అది అసలు మరుగుజ్జు.

చరిత్ర

టమాటా పూర్వీకులు దక్షిణ అమెరికా పశ్చిమ తీరంలోని ఆండీస్ ప్రాంతానివి. సాగులోకి వచ్చినది మెక్సికోలో. భారతదేశానికి పోర్చుగీసువారి ద్వారా చేరినది. మరుగుజ్జు రకాలు 19వ శతాబ్ది మధ్యకాలంలో ఫ్రాన్సులో ప్రసిద్ధికి వచ్చాయి. ఊతం లేకుండా చెట్టువలె నిలబడుట అప్పటివారికి వింతగా తోచినది. అదే శతాబ్దం చివరి దశకాలలో అమెరికాలో ‘డ్వార్ఫ్ ఛాంపియన్’ అనే రకం విత్తన జాబితాలలో చోటు సంపాదించినది.

ఆ తరువాత చిట్టి రకాల వంతు వచ్చినది. న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ‘టైనీ టిమ్’ 1940వ దశకంలో విడుదలైనది. అడుగు, అడుగున్నర ఎత్తున పెరిగి గోలీకాయలంత పండ్లనిస్తుంది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి చెందిన స్కాట్, హార్బా అనే శాస్త్రజ్ఞులు 1989లో ‘మైక్రో టామ్’ అనే రకాన్ని విడుదల చేశారు. పైన చెప్పిన రెండు జన్యువులూ ఇందులో ఉన్నవి. జానెడు ఎత్తులోనే పూసి కాస్తుంది. కిటికీలో అలంకారం కోసం తయారు చేసిన ఈ మొక్క తరువాత ప్రయోగశాలలకెక్కడం విశేషం. స్వల్పకాలంలో, స్వల్ప స్థలంలో తరం పూర్తి చేయుట వలన టమాటా జన్యుశాస్త్రంలో ఇది ప్రధాన నమూనా మొక్క అయినది. తినుటకు మాత్రం దీనిపై పెద్ద ఆశలు పెట్టుకొనరాదు. కాయలు చిన్నవి, రుచి సామాన్యం.

రుచి లోపమే ఈ రకాలకు చాలాకాలం అపకీర్తి తెచ్చినది. దానిని సరిదిద్దే ప్రయత్నం పెద్ద సంస్థల నుండి గాక పెరటి తోటల అభిమానుల నుండి రావడం గమనార్హం. అమెరికాలోని ఉత్తర కరోలినాకు చెందిన క్రెయిగ్ లెహూలియర్, ఆస్ట్రేలియాకు చెందిన పాట్రినా నుస్కే స్మాల్ 2005-06లో ‘డ్వార్ఫ్ టమాటో ప్రాజెక్టు’ ప్రారంభించారు. రుచికి పేరుపొందిన పొడుగు రకాలను పాత మరుగుజ్జు రకాలతో సంకరం చేయుట వీరి పద్ధతి. సంకరపు మొదటి తరంలో మొక్కలన్నీ పొడుగువే. రెండవ తరంలో నాల్గింట ఒక వంతు పొట్టివి వస్తాయి. మెండెల్ బఠాణీలతో చూపినది ఇదే నిష్పత్తి. పొడుగువాటిని నారులోనే ఏరివేసి, మిగిలినవాటిలో మంచి పండ్లు గలవాటిని తరతరాలుగా ఎన్నుకొన్నారు. ఉత్తరార్ధగోళంలో శీతకాలమైనప్పుడు దక్షిణార్ధగోళంలో వేసవి కనుక, విత్తనాలు అటూ ఇటూ పంపుకొని ఏడాదికి రెండు తరాలు సాధించారు. 2010 నుండి విడుదలైన ఈ రకాలు నూటికి పైగా ఉన్నవి. ‘రోసెల్లా పర్పుల్’, ‘డ్వార్ఫ్ స్వీట్ స్యూ’ వీటిలోనివి. పాల్గొన్నవారు జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. మరుగుజ్జు టమాటాకు పెద్ద కాయ, మంచి రుచి ఉండవన్న అభిప్రాయం దీనితో తొలగినది.

భారతీయ రకాలు

న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ‘ఇంప్రూవ్డ్ మీరుటీ’, ‘రెడ్ క్లౌడ్’ అనే రకాలను సంకరం చేసి ‘పూసా ఎర్లీ డ్వార్ఫ్’ను రూపొందించినది. నాటిన 75-80 రోజులలో కాపుకు వచ్చే రకం. కాయ మధ్యరకం పరిమాణంలో, కొంచెం అణిగిన గుండ్రన ఆకారంలో ఉంటుంది. పేరులో ‘డ్వార్ఫ్’ ఉన్నా దీనిని వ్యవసాయ గ్రంథాలు పరిమిత పెరుగుదల రకంగానే వర్గీకరించాయి. కనుక ముడతల ఆకుల కోసం ఇందులో వెదకరాదు. ఇదే సంస్థ విడుదల చేసిన ‘పూసా రూబీ’ ప్రసిద్ధమైనదే గాని అపరిమితంగా పెరిగేది, చిన్న కుండీకి తగదు. ‘పూసా సదాబహార్’ పొట్టి రకం. వేడిలోను చలిలోను కాయ పట్టే గుణం కోసం ఎన్నుకొన్నది.

తమిళనాడులోని పెరియకుళంలో ‘అన్నంజి’ అనే స్థానిక రకం నుండి ఉత్పరివర్తనం ద్వారా వచ్చిన ‘పి.కె.ఎం.-1’ కూడా పరిమిత పెరుగుదల గలదే. కోయంబత్తూరులో రూపొందిన ‘కో-3’ గుబురు మొక్క, దగ్గర దగ్గరగా నాటవచ్చును. దీనికే ‘మారుతం’ అని పేరు. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ వారి ‘అర్క వికాస్’ ఈ రెండింటికంటె కొంత పొడుగు. అదే సంస్థ వారి ‘అర్క రక్షక్’ ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమచ్చ తెగులు మూడింటినీ తట్టుకొనే సంకర రకం. పొట్టిది కాకపోయినా పెద్ద కుండీ, ఊతకర్ర సమకూర్చగలవారికి పనికివస్తుంది.

విజయవాడలో పెంపకం

కృష్ణా డెల్టా టమాటాకు పుట్టినిల్లు కాదు. 1855 నాటి ఆనకట్ట, దాని స్థానంలో 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి వలన ఈ సీమ వరికి, వరి తరువాత మినుముకు స్థిరపడినది. నీరు నిలిచే నల్లరేగడిలో టమాటా వేరు ఊపిరాడక చస్తుంది. నదిలోని లంక భూములలో కూరగాయలు పండుతున్నా, టమాటాకు రాయలసీమ మీద, ముఖ్యంగా మదనపల్లె మార్కెట్ మీద ఆధారపడక తప్పదు. ఆ ఆధారం ఎంత బలహీనమో 2023 వేసవి చివర తెలిసినది. అప్పుడు కిలో ధర నూరు రూపాయలు దాటినది. రాష్ట్ర ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50 రూపాయల చొప్పున రాయితీపై అమ్మించినది. మరి కొన్ని ఏడులలో గిట్టుబాటు లేక రైతులు పంటను రోడ్డుపై పారబోయడం కూడా రాయలసీమలో చూచినదే.

వన్ టౌన్ ప్రాంతం ఇంద్రకీలాద్రికి, రైలు మార్గానికి నడుమ కిక్కిరిసిన పాత ఊరు. కాళేశ్వరరావు మార్కెట్, కొత్తపేట, బ్రాహ్మణవీధి పరిసరాలలో ఇల్లు ఇంటికి ఆనుకొని ఉంటుంది. కొండవాలు ఇళ్ళకు మెట్లే వీధులు. పెరడు అనే మాట ఇక్కడ చాలా ఇళ్ళకు వర్తించదు, ఉన్నదల్లా డాబా మాత్రమే. పొట్టి టమాటాకు ఇటువంటి చోటనే నిజమైన ప్రయోజనం. అయితే ఎదుర్కొనవలసిన సమస్య స్థలం ఒక్కటే కాదు. నగరంలో మే నెలలో 45 డిగ్రీలు దాటిన సందర్భాలు ఉన్నాయి. పగలంతా కాగిన కొండరాయి, సిమెంటు కప్పు రాత్రి వేడిని వదులుతూ ఉంటాయి.

టమాటాకు రాత్రి 15 నుండి 20 డిగ్రీల వరకు ఉంటే కాయ బాగా పడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 24 దాటినా, పగలు 35 దాటినా పుప్పొడి శక్తి కోల్పోయి పూత రాలిపోతుంది. ఇది తెలియక వేసవిలో నీరు, ఎరువు రెట్టింపు చేసేవారు ఉన్నారు. దానివలన ఆకు పెరుగుతుందే గాని కాయ రాదు. మిక్కిలి వేడిలో పండిన కాయ ఎర్రబడక పసుపుపచ్చగానే ఉండిపోతుంది. ఎరుపునిచ్చే లైకోపీన్ 30 డిగ్రీలు మించిన వేడిలో సరిగా ఏర్పడకపోవడం ఇందుకు కారణం. దానిని తెగులుగా భావించనవసరం లేదు.

అందుచేత ఈ ఊరిలో ఆగస్టు చివర నుండి సెప్టెంబరు లోపల విత్తి, 25-30 రోజుల నారును కుండీలలో నాటుట మేలు. కార్తీకంలో పూత, మార్గశిరం నుండి మాఘం వరకు కాపు దక్కుతుంది. నవంబరులో రెండవ విడత విత్తవచ్చును గాని దాని కాపు మార్చి మధ్యకు ముగుస్తుందని తెలిసి విత్తాలి. ఏప్రిల్, మే నెలలలో టమాటా మాని గోంగూర, తోటకూర వేయుట తెలివైన పని. వేసవిలో మొక్కలు నిలిపి ఉంచదలచినవారు సగం నీడనిచ్చే పచ్చవల కట్టి, కాయ మీద ఆశ లేకుండా కాపాడుకోవచ్చును.

అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుపానుల కాలం కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు డెల్టా పైర్లు దెబ్బతిన్నాయి. ఇటువంటప్పుడు కుండీ మొక్కను మెట్ల కిందికో వరండాలోకో చేర్చవచ్చు. పొట్టి రకాల అసలు ఉపయోగాలలో ఇదొకటి. పందిరి అల్లుకొన్న మొక్కను కదల్చడం ఎవరి వలనా కాదు.

కుండీ, మట్టి, బరువు

చిట్టి రకాలకు ఒకటి, రెండు లీటర్ల తొట్టి చాలును. టైనీ టిమ్ వంటివానికి ఐదు లీటర్లు, పూసా ఎర్లీ డ్వార్ఫ్ వంటి పరిమిత రకాలకు, అసలు మరుగుజ్జు రకాలకు ఇరవై లీటర్లు కావాలి. రంగు డబ్బాలు, పెరుగు బకెట్లు అడుగున రంధ్రాలు చేసి వాడుతున్నవారే ఎక్కువ.

డెల్టా నల్లమట్టిని నేరుగా కుండీలో నింపరాదు. ఎండితే నెర్రెలు విచ్చి వేళ్ళను తెంపుతుంది, తడిస్తే ముద్దవుతుంది. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, కొబ్బరిపొట్టు కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చుకొంటే సరిపోతుంది. పైన వరిగడ్డి పరిస్తే తేమ నిలుస్తుంది. నీరు ఉదయం పోయాలి. ఒకరోజు ఎండగట్టి మరునాడు ముంచెత్తితే కాయ అడుగున నల్లని మచ్చ పడి కుళ్ళుతుంది. నీటి హెచ్చుతగ్గుల వలన కాయకు సున్నం అందక ఏర్పడే లోపమిది. పురుగుమందులతో నయం కాదు.

డాబాపై పెంచేవారు మరచే విషయం బరువు. ఇరవై లీటర్ల కుండీలో తడిసిన తోటమట్టి 30 కిలోలకు పైగా తూగుతుంది. ముప్పై అయిదు కుండీలంటే టన్ను దాటినట్లే. వన్ టౌన్‌లో దూలాలపై సున్నం గచ్చు వేసిన పాత మద్రాసు మిద్దెలు ఇంకా ఉన్నవి. వాటి నడిమధ్య కుండీలు పేర్చుట అపాయకరం. గోడల పైభాగం వెంబడి మాత్రమే ఉంచి, మట్టి తగ్గించి కొబ్బరిపొట్టు పాలు పెంచాలి. కుండీ కింద ఇటుకలు పెడితే నీరు జారిపోయి కప్పు చెమ్మగిల్లదు.

పరిమిత రకాలకు, మరుగుజ్జులకు పక్క పిలకలు తుంచరాదు. పొడుగు రకాలకు చెప్పిన ఈ పనిని వీటికి చేస్తే కాపే తగ్గుతుంది. టమాటా పువ్వు తనలోనే పరాగసంపర్కం జరుపుకొంటుంది. గాలి తగలని వరండాలో ఉన్న మొక్కల పూగుత్తులను ఉదయం పది గంటల ప్రాంతంలో వేలితో మెల్లగా తట్టుట మంచిది.

ఆకుముడతతో పొరపాటు

అసలు మరుగుజ్జు రకాల ఆకు సహజంగానే ముడతలు పడి ఉంటుంది. దీనిని చూచి ఆకుముడత తెగులు సోకినదని ఆరోగ్యవంతమైన మొక్కను పీకివేయడం, నిజంగా తెగులు సోకినదానిని ‘ఈ రకం ఇంతే’ అని ఉంచుకొనడం రెండూ జరుగుతున్నవి. రెండవది ఎక్కువ నష్టం, ఎందుకనగా తెల్లదోమ ఆ వైరస్‌ను పక్క మొక్కలకు, పక్క మేడలకు కూడా మోస్తుంది. రకపు గుణమైతే మొలకనాటి నుండి అన్ని ఆకులూ ఒకే తీరున, ముదురు ఆకుపచ్చగా ఉంటాయి. తెగులైతే మొదట బాగున్న మొక్కకు కొత్తగా వచ్చే చిగుళ్ళు చిన్నవై, పసుపు తిరిగి, దోనెవలె పైకి ముడుచుకొంటాయి. పూత నిలువదు. ఈ తెగులుకు మందు లేదు. మొక్కను పీకి సంచిలో కట్టి పారవేయాలి. నారును సన్నని వలతో కప్పుట, పసుపు రంగు జిగురు అట్టలు కట్టుట నివారణకు తోడ్పడతాయి.

కాయతొలుచు పురుగుకు ఎరగా బంతి మొక్కలు పెంచే పద్ధతి పొలాలలో ఉన్నది. డాబాపై నాలుగు కుండీలున్నచోట పురుగులను చేతితో ఏరుటే సులభం. భారతదేశంలో 2014లో బయటపడిన టూటా పురుగు ఆకు పొరల మధ్య సొరంగాలు చేస్తుంది. అటువంటి ఆకులను వెంటనే తుంచివేయాలి.

విత్తనం

పూసా ఎర్లీ డ్వార్ఫ్, పి.కె.ఎం.-1 వంటివి సూటి రకాలు. వాటి విత్తనం దాచుకొని మరుసటి ఏడు విత్తితే అవే లక్షణాలు వస్తాయి. పొట్లం మీద ‘ఎఫ్-1’ అని ఉన్నది సంకరం. దాని పండులోని గింజలు వేస్తే మొక్కలు పలురకాలుగా వస్తాయి, పొడుగువి కూడా రావచ్చును. బాగా పండిన కాయ గుజ్జును గాజు సీసాలో రెండు, మూడు రోజులు పులియబెడితే గింజల చుట్టూ ఉన్న జిగురు విడిపోతుంది. మునిగిన గింజలను కడిగి, కాగితంపై కాక పింగాణీ పళ్ళెంలో నీడన ఆరబెట్టాలి, కాగితానికైతే అంటుకొంటాయి. పొడి సీసాలో భద్రపరచిన విత్తనం నాలుగైదేళ్ళ వరకు మొలకెత్తుతుంది. సీసాపై రకం పేరు, కోసిన నెల రాసి అంటించుకొనుట మరువరాదు.